మెట్ల వెనక జీపు

మొన్న మొన్నటిదాకా మా ఇంటి తలుపు తీస్తే ఎదురుగా స్టీరింగు కనిపించేది. గవర్నర్‌పేటలో మాది దక్షిణం వీధి ఇల్లు. ముందు గదిని జెరాక్స్ షాపుకి అద్దెకిచ్చేశాం. వాళ్ళు లోపలి గుమ్మాన్ని ఇటుకలతో మూయించి గోడకి అరలు కొట్టించుకున్నారు. ఇక మాకు మిగిలింది ఇంటికి పడమటి పక్కనున్న సందు, ఆ సందులోకి తెరుచుకునే పక్క తలుపు. ఆ సందు నిండా మా మామగారి జీపు.

జీపుకీ ప్రహరీకీ మధ్య ఒక మనిషి పట్టే చోటుండేది, అదీ అడ్డంగా నడిస్తే. రోజూ పొద్దున్నే ఒక చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుని, ఇంకో చేత్తో బ్యాగు పైకెత్తుకుని, పీతలా పక్కకి నడుచుకుంటూ కాలేజీకి బయల్దేరేదాన్ని. నా చీరల్లో బంపరు కొక్కేనికి చిరగనివి నేను ఇంట్లో కట్టుకునేవే. కామర్స్ చెప్పే మనిషిని కదా, తరుగుదల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకి ఇంటి ఉదాహరణ చెప్పేదాన్ని. "ఒక ఆస్తి ఉంటుంది. దాని విలువ ఏటా తగ్గుతూ వస్తుంది. కానీ అది ఆక్రమించిన చోటు మాత్రం తగ్గదు." పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళకేం, క్లాసు అయ్యాక తలుపులోంచి ఎదురుగా నడిచి వెళ్ళిపోతారు.

అది నీటిపారుదల శాఖవాళ్ళు వేలం వేస్తే మా మామగారు కొన్న జీపు. ఆయనది చల్లపల్లి దాటాక కాలవగట్టు మీద ఊరు. అక్కడి నేల వానాకాలంలో ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. నల్లరేగడి. కాలు పెడితే చెప్పు దానికే వదిలేసి రావాలి. ట్రాక్టర్లే దిగబడి రెండో ట్రాక్టరు కోసం ఎదురు చూస్తుంటాయి. ఆ బురదలో నాలుగు చక్రాలూ తిరిగే ఈ జీపొక్కటే పోయేది. పొలానికి నారు కట్టలు, చల్లపల్లికి పురిటి నొప్పులు, అన్నీ ఇందులోనే.

అసలు పని ఇంకోటి ఉండేది దానికి. మా క్రైస్తవుల సమాధుల తోట మురుగు కాలవకి అవతల ఉంది. పొడి రోజుల్లో శవపెట్టెని భుజాల మీద మోసుకుపోతారు. వానల్లో చనిపోయినవాళ్ళని మాత్రం జీపే తీసుకెళ్ళాలి. ఊళ్ళో ఉన్న రెండు చర్చిల్లో చిన్న గుడివాళ్ళు, పెద్ద గుడివాళ్ళు అని తేడా లేదు. కబురొస్తే మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవారట. వెనక పెట్టె, ముందు ఎడమ సీటులో పాస్టరు అయ్యగారు, వెనక నడుచుకుంటూ జనం. మురుగు కాలవ తూము దగ్గర ఆయన బండి ఆపి దిగేవారు. వంగి ముందు చక్రాన్ని చేత్తో ముట్టుకునేవారు. అటు తిరిగి వెళ్ళి రెండో చక్రాన్నీ అలాగే ముట్టుకునేవారు. వచ్చి కూర్చుని నాలుగు చక్రాల చిన్న గేరు లాగితే ఖట్‌మని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినగానే వెనక జనం పాట ఎత్తుకునేవాళ్ళు.

కొన్నాళ్ళకి అదొక పద్ధతి అయి కూర్చుంది. ఆయన చక్రం ముట్టుకోగానే మగవాళ్ళు వరసగా వచ్చి తామూ ముట్టుకునేవాళ్ళు. ఆడవాళ్ళు చెప్పులు విడిచేవాళ్ళు. చక్రానికి దణ్ణమేంటని మొదట్లో కోప్పడ్డ అయ్యగారు కూడా తర్వాత తర్వాత సీటులోంచి చెయ్యి బయటకి చాపి తట్టేవారట. నేను కోడలిగా వెళ్ళిన కొత్తలో ఒక వానాకాలం చూశాను ఆ తంతు. మడ్‌గార్డు మీద బురద, ఆ బురద మీద ఊరందరి వేళ్ళ గుర్తులు.

మామగారు పోయింది కూడా ముసురులోనే. ఆయన్ని ఆ జీపులోనే తీసుకెళ్ళాం. నడిపింది మా ఆయన. తూము దాటిన కాసేపటికే బండి పొట్ట దాకా దిగబడిపోయింది. నాలుగు చక్రాల గేరు లాగినా వెనక చక్రాలే తిరిగి బురద చిమ్మాయి. చివరికి పెట్టెని దించి మోకాలి లోతు బురదలో భుజాల మీద మోశారు. "ఏమైందిరా?" అని అత్తగారు అడిగితే, "ఫోర్ వీల్ బాక్సు పోయిందమ్మా" అన్నారు మా ఆయన. ఆ రోజు నుంచి ఆయన పట్టుదల ఒకటే. నాన్నని నడి దారిలో దించేసిన బండిని మళ్ళీ మనిషిని చెయ్యాలి. అలాగే అనేవారు, మనిషిని చెయ్యాలని.

అత్తగారిని మా దగ్గరికి తెచ్చుకున్నప్పుడు జీపుని కూడా తెచ్చారు. తారు రోడ్డు మీద బానే నడిచింది పాపం. సందులో పెట్టి, "వారం రోజులు" అన్నారు. ఆ వారం ఏ క్యాలెండరులోదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆదివారాలు గుడి నుంచి రాగానే ఫోనులో వీడియోలు పెట్టుకుని రేడియేటరు విప్పేవారు, డైనమో విప్పేవారు. విప్పినవాటిని గుడ్డల్లో చుట్టి మా బట్టల బీరువా కింద పెట్టేవారు. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తారు. దెబ్బతిన్న బండి దగ్గరికెళ్ళి ఎంత నష్టమో తేల్చి రావడమే ఉద్యోగం. ఊళ్ళో అందరి బండ్ల గురించీ పొద్దున వెళ్ళి సాయంత్రానికి తేల్చేసే మనిషి, తన బండి గురించి మాత్రం ఏళ్ళ తరబడి తేల్చలేదు. ఈ మాట నేను ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. "క్లెయిమ్ పెండింగ్‌లో ఉంది," అనేవారు.

ఇక మెట్ల సంగతి. పైన ఒక పోర్షను వేసి అద్దెకిద్దామనుకున్నాం. మెట్లు తూర్పు పక్కన వెనక మూల వేద్దామని మా ఇద్దరి ఆలోచన. మేస్త్రి తలకాయ అడ్డంగా ఊపాడు.

"ఈశాన్యంలో బరువు పనికిరాదండీ. మెట్లు నైరుతిలో రావాలి."

"మేం క్రిస్టియన్స్‌మయ్యా," అన్నాను.

"మీరు పైన ఉండరు గదమ్మా. అద్దెకొచ్చేవాళ్ళు చూసుకోరా?"

ఆయనగారు తలూపారు. నేనూ పెద్దగా పోట్లాడలేదు, ఆశ్చర్యమే. వాస్తు మనం నమ్మం, కానీ నమ్మేవాళ్ళు నమ్ముతారన్నది మాత్రం గట్టిగా నమ్ముతాం. ఈ ఊళ్ళో అందరం అంతే. దక్షిణం వీధి ఇంటికి నైరుతి అంటే ఎక్కడొస్తుంది? సరిగ్గా మా పడమటి సందు మొదట్లో వస్తుంది. అక్కడే మెట్లు లేచాయి. లోపల జీపు ఉండగానే లేచాయి. "బండి ఎట్టా బయటికొస్తుందండీ?" అని మేస్త్రే అడిగాడు కూడా. "అది బాగయ్యేసరికి చూద్దాం," అన్నారు మా ఆయన. తీరా మొదట అద్దెకొచ్చింది ఒక ముస్లిం కుటుంబం. వాళ్ళు వాస్తు మాటే ఎత్తలేదు. మంచినీళ్ళు ఎన్నింటికి వస్తాయని అడిగి అడ్వాన్స్ ఇచ్చేశారు.

అలా ముందు మెట్లు, వెనక జీపు, ఆ వెనక మేము.

అయినా గడిచిపోయేది. అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోకపోతే ఇంకా అలాగే గడిచిపోతుండేది. ఆపరేషనయ్యాక ఆవిణ్ణి ఇంటికి తెచ్చిన రోజు నేను మర్చిపోలేను. స్ట్రెచరు సందులో తిరగలేదు. దుప్పట్లో పడుకోబెట్టి, నలుగురు మగవాళ్ళు మెట్ల పక్కనుంచి పొడుగ్గా లాగి, జీపు బానెట్ మీదుగా ఈ చేతి నుంచి ఆ చేతికి అందించుకుంటూ లోపలికి తెచ్చారు. లారీలోంచి ధాన్యం బస్తాలు దించినట్టు. జెరాక్స్ కోసం వచ్చిన పిల్లలందరూ వరసలో నిలబడి చూశారు. ఆవిడ కళ్ళు మూసుకుంది. మంచం మీద పడుకోబెట్టాక అప్పుడు నోరు తెరిచింది.

"ఇంకోసారి నన్నిట్టా మొయ్యటానికి ఒప్పుకోను. ఈ గడప దాటితే నడిచైనా దాటతా, పెట్టెలోనైనా దాటతా. మధ్యలో ఇంకోటి లేదు."

నడవడం ఇక లేదని డాక్టరు చెప్పాడు. వీల్‌చెయిర్ కొన్నాం. మా ఆయన దాన్ని మడిచి చంకలో పెట్టుకుని పీత నడకతో లోపలికి తెచ్చారు. ఆవిడ దానిలో వంటింటి నుంచి గదికి, గది నుంచి తలుపుకి తిరిగేది. తలుపు దగ్గరకొచ్చి ఆగిపోయేది. ఎదురుగా స్టీరింగు. అక్కడ కూర్చుని దానివైపు చూస్తూ చిక్కుడుకాయలు ఒలిచేది.

ప్రభు భోజనం రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి ఇక్కడి గుడి అయ్యగారు ఇంటికే వచ్చేవారు. ఆయన కాస్త లావు మనిషి. జీపు పక్కనుంచి దూరి వచ్చేసరికి చొక్కా మీద గ్రీజు. ఇదంతా ఆవిడ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే, సమాధుల పండుగ. ఏటా ఆ రోజుకి మామగారి సమాధి దగ్గర గడ్డి పీకించి, సున్నం వేయించి, బంతిపూలు పెట్టి, పొద్దువాలే వేళ కొవ్వొత్తులు వెలిగించి ఆవిడ అక్కడ కూర్చోవాలి. పోయినేడు వెళ్ళలేదు. అంతకు ముందేడు హాస్పిటల్‌లో ఉంది. మా ఆయన ఒక్కరే వెళ్ళి ఫోటో తీసుకొచ్చి చూపిస్తే, ఫోటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "సున్నం పల్చగా కొట్టాడు," అని ఫోను తిరిగిచ్చేసింది.

ఈ ఏడు ఎలాగైనా తీసుకెళ్ళాలని నేను పట్టుబట్టాను. ఇందులో నా గొడవా కొంత ఉంది. కంకిపాడు దగ్గర కొత్తగా పెట్టిన బ్రాంచికి నన్ను ప్రిన్సిపాల్‌గా వెళ్ళమని కాలేజీవాళ్ళు అడిగితే, కదల్లేని మనిషి ఇంట్లో ఉంది, ఏదైనా అయితే బయటికి తేవడానికే దారి లేదు, అంత దూరం ఎలా పోను అని వద్దన్నాను. వద్దన్న రోజు ఇంటికొచ్చి జీపు చక్రాన్ని కాలితో ఒక తన్ను తన్నాను. దానికేమీ కాలేదు. నాకు బొటనవేలు వాచింది.

పండుగకి ఇంకా కొంచెం వ్యవధి ఉందనగా ఆటోనగర్ నుంచి ఒక మెకానిక్‌ని నేనే పిలిపించాను. నోటి నిండా వక్కపొడి, మాటకి ముందు ఒక నవ్వు. బండి కిందకి దూరి, బయటికి వచ్చి, మెట్ల వైపు చూసి ఇంకోసారి నవ్వాడు.

"ఏం సార్, మెట్లు కట్టి దీన్ని లోపలేశారా, దీన్ని లోపలేసి మెట్లు కట్టారా?"

మా ఆయన మెట్ల వైపు చూడకుండా బానెట్ తెరిచి పట్టుకున్నారు.

"రెండే దార్లు సార్. బాగు చెయ్యాలంటే మెట్లు కొట్టాలి. మెట్లు కొట్టనంటే బండి కొట్టాలి."

"కొట్టడమంటే?" అన్నారు మా ఆయన.

"ఇక్కడే విప్పేస్తా. ఇంజను గట్టిది. గేర్‌బాక్సు, ఫోర్ వీల్ బాక్సు, ముందూ వెనకా యాక్సిళ్ళు, ఏజెన్సీ కొండల వైపు వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారు. బాడీ మటుకు పాత ఇనుము కాటాకే. కింద రేకు తినేసింది, చూడండి, చెయ్యి పెడితే చేతికే వస్తంది."

"ఫోర్ వీల్ బాక్సు పోయిందయ్యా."

"ఎవరు చెప్పారు?"

"నేను నడిపాను. పడలేదు."

"విప్పితే తెలుస్తది లెండి. ఆ పెట్టె అంత తేలిగ్గా పోయే సరుకు కాదు."

లోపల్నుంచి అత్తగారు, "ఎవర్రా అది?" అంది. మెకానిక్ వచ్చాడని చెప్పాను. బండిని ముక్కలు చేద్దామంటున్నాడని కూడా చెప్పాను, దాచడం నాకు చేతకాదు. ఆవిడ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది.

"మీ ఇష్టం," అంది.

అత్తగారింట్లో కొన్నాళ్ళు కాపురం చేసిన ఏ ఆడదానికైనా తెలుస్తుంది ఆ రెండు మాటలకి అర్థమేంటో. మెకానిక్‌కి టీ ఇచ్చి పంపించాను.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైంది మా పోట్లాట. తలుపు తీసే ఉంది. ఆయన సందులో జీపుని ఆనుకుని నిలబడ్డారు, నేను గడప మీద. ఇంతకు మించి ఎడంగా నిలబడి పోట్లాడుకోవడానికి కూడా ఆ సందులో చోటు లేదు.

"మెట్లు కొట్టించండి, నేను వద్దన్నానా?" అన్నాను. "మెట్లు కొట్టించి, దీన్ని బయటికి తీసి, రంగులేయించి బందరు రోడ్డు మీద తిప్పుకోండి. ఏదో ఒకటి చెయ్యండి."

"మెట్లు కొడితే పైనవాళ్ళు ఎలా ఎక్కుతారు?"

"అయితే దీన్ని ముక్కలు చెయ్యండి."

"నాన్న బండే."

"మీ నాన్న బండి మీ అమ్మని ఇంట్లో పెట్టి తాళమేసిందండీ. మీకు కనపడటం లేదా? పోయినేడు ఫోటో చూపించారు. ఈ ఏడు వీడియో చూపిస్తారా?"

"నువ్వు ప్రతిదీ కోర్టులో వాదించినట్టు మాట్లాడతావు."

"మీరు ప్రతిదానికీ వాయిదా వేస్తారు కాబట్టి."

ఆయన బానెట్ మీద దుమ్ముని అరచేత్తో ఒక పక్కకి తోస్తూ, అప్పుడు చెప్పారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ రోజు గురించి నాతో వరసగా మాట్లాడటం అదే మొదలు.

"నాన్న చేసినట్టే అన్నీ చేశాను. తూము దగ్గర ఆపాను. దిగాను. వంగి ముందు చక్రం ముట్టుకున్నాను. అటు తిరిగి రెండోది కూడా ముట్టుకున్నాను. వచ్చి గేరు లాగాను, ఖట్‌మంది కూడా. వెనక పాట మొదలైంది. అన్నీ సరిగ్గానే చేశాను. అయినా దిగబడిపోయింది. అందరికీ దారిచ్చిన బండి నాన్న దగ్గరికొచ్చేసరికి మొరాయించింది. అది ఎందుకు పోయిందో చూడకుండా, బాగు చెయ్యకుండా, ముక్కలు కోసి ఎట్లా అమ్మమంటావు?"

లోపల వీల్‌చెయిర్ చక్రాలు కదిలిన చప్పుడయింది. అత్తగారు నా వెనక్కొచ్చి ఆగింది.

"ముట్టుకున్నావా?" అంది.

"ఏంటమ్మా?"

"చక్రం. ముట్టుకుని ఊరుకున్నావా? తిప్పలేదా?"

"ఏం తిప్పాలి?"

"ఒరే నాయనా. చక్రం నడిమధ్యలో బిళ్ళ ఉంటదిరా గుండ్రంగా. దాన్ని తిప్పితేనే గదరా ముందు చక్రాలు పట్టుకునేది! అది తిప్పకుండా గేరు లాగితే ఖట్‌మంటది, అంతే."

మా ఆయన వంగి జీపు చక్రం వైపు చూశారు.

"నాన్న..." అన్నారాయన. "దణ్ణం పెట్టుకునేవాడు కదమ్మా?"

"మీ నాన్నా? చక్రానికా?" అత్తగారికి నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత దగ్గు కలిసింది. "గుళ్ళోనే కళ్ళు తెరుచుకుని ప్రార్థన చేసే మనిషిరా ఆయన. పొలంలో బురద పట్టి బిళ్ళ తిరక్కపోతే నేనే కత్తిపీట వెనక్కి తిప్పి కొట్టిచ్చేదాన్ని. జనం వచ్చి చక్రం తాకుతుంటే, ఏందయ్యా ఇదంటే, పోనీలేవే, వాళ్ళకదో తృప్తి అనేవాడు."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు హాస్టల్లో ఉంటివి. వచ్చినప్పుడల్లా తారు రోడ్డు మీద షికార్లు. నువ్వు బాక్సు పోయిందన్నావు, పోయిందనుకున్నా. నేను వెనక ఆడోళ్ళలో నడిచొస్తున్నానాయె. ముందుంటే చూడకపోదునా?"

ఆయన బీరువా కింద నుంచి పట్టకారు తెచ్చారు. గోడకీ చక్రానికీ మధ్య గొంతుకూచుని దూరారు. చాలాసేపు రేకు మీద గీకిన చప్పుడు. కిరసనాయిలు ఉందా అని అడిగారు. ఈ రోజుల్లో కిరసనాయిలు ఎక్కడిది, కొబ్బరినూనె సీసా ఇచ్చాను. ఇంకాసేపటికి టక్కుమని తిరిగింది. ఆయన అలాగే కూర్చుండిపోయారు. బండికి ఏమీ కాలేదు. ఆ రోజూ కాలేదు, ఆ తర్వాతా కాలేదు. బాగు చెయ్యాల్సిందే లేని బండిని బాగు చేస్తానని ఇన్నేళ్ళూ ఆయన మా దారి మూశారు.

అనాల్సిన మాటలు చాలానే ఉన్నాయి నా దగ్గర. ఆయన వీపు చూసి నూనె సీసాకి మూత బిగించాను.

అత్తగారే అంది. "లేవరా. ఎంతమందిని దాటించాడో మీ నాన్న దీంట్లో, నాకు లెక్క లేదు. రేపు నా పెట్టె కూడా పట్టదురా ఈ సందులో, దీన్ని ఇట్టాగే ఉంచితే. తీయించెయ్యి. పండక్కి నన్ను తీసుకుపో."

ఈసారి 'మీ ఇష్టం' అనలేదు.

మర్నాడు ఆయన సెలవు పెట్టి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకెళ్ళి రిజిస్ట్రేషను రద్దు చేయించే పని మొదలెట్టారు. ఆ కాగితాలు చేతికొచ్చాక మెకానిక్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంజనుని గొలుసులతో లేపి, గెడకి కట్టి, ఊగుతూ ఊగుతూ మెట్ల పక్కనుంచి బయటికి మోశారు. ఫోర్ వీల్ బాక్సు తీసినప్పుడు మెకానిక్, "చెప్పాగా సార్, పళ్ళు చూడండి, పాలపళ్ళలా ఉన్నాయి," అన్నాడు. మా ఆయన ఆ మాట విననట్టు అటు తిరిగారు. అత్తగారు తలుపు దగ్గరే కూర్చుని అన్నీ చూసింది. స్టీరింగు ఊడదీసేటప్పుడు మాత్రం, "కొంచెం మంచినీళ్ళియ్యవే," అని నన్ను లోపలికి పంపించింది. నేను తిరిగొచ్చేసరికి స్టీరింగు లేదు, ఆవిడ పమిట చెంగు కళ్ళ దగ్గరుంది.

ఆఖరికి గ్యాస్ కట్టరుతో చాసిస్ కోశారు. ఆ ముక్కలు బయటికి వెళ్ళింది పండుగ ముందు రోజు సాయంత్రం. రెండు ముందు సీట్లు మాత్రం ఎవరికీ అక్కర్లేదన్నాడు మెకానిక్. రెక్సిన్ చిరిగి కొబ్బరిపీచు బయటికొచ్చింది. వాటిని సందు చివర గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. సందు కడిగాను. అన్నేళ్ళ ఆయిలు మరక పోలేదు. కానీ ఎంత వెడల్పో! మా ఇంటికి ఇంత దారి ఉందని నాకు గుర్తే లేదు. చీపురు చేత్తో పట్టుకుని, ఎవరూ చూడకుండా, ఆ చివర నుంచి ఈ చివరకి ఎదురుగా ముందుకి నడిచాను.

పండుగ రోజు పొద్దున అత్తగారు తెల్ల నేత చీర కట్టుకుని, ఒళ్ళో బంతిపూల సంచి పెట్టుకుని, వీల్‌చెయిర్‌లో గడప దాటింది. వీధిలో కారు మాట్లాడి పెట్టాం. సందులో పడేసరికి ఆవిడ తల పైకెత్తింది. రెండు గోడల మధ్య పొడుగ్గా ఆకాశం. "ఎండగానే ఉందే," అంది. మా ఆయన నెమ్మదిగా తోసుకుంటూ వెళ్ళారు. మెట్ల దగ్గర కుర్చీ ఆగింది.

ఇంకొంచెం తోశారు. చక్రం పక్కనున్న ఇనుప ఊచ మెట్టుకి తగిలింది. ఇటు తిప్పారు, ప్రహరీకి తగిలింది. వెనక్కి లాగి, ఏటవాలుగా పెట్టి చూశారు. కారు డ్రైవరు వచ్చి అటువైపు నుంచి చూశాడు. సంగతి అందరికీ ఒక్కసారే తెలిసింది. మెట్లకీ ప్రహరీకీ మధ్య చోటులో వీల్‌చెయిర్ పట్టదు. జీపు వెడల్పు మెకానిక్ చూశాడు. సందు వెడల్పు మా ఆయన చూశారు. కుర్చీ వెడల్పు ఎవరూ చూడలేదు, ఎందుకంటే అది లోపలికొచ్చింది మడతపెట్టి. ఇప్పుడూ మడిస్తే బయటికి పోతుంది. కూర్చున్న మనిషిని మడవలేం.

నేను మెట్టు మీద కూర్చున్నాను. బండి పోయింది, మేం మాత్రం ఇంకా లోపలే ఉన్నాం.

"ఈ మెట్లు ఇక్కడెందుకు కట్టారే?" అంది అత్తగారు.

"వాస్తు," అన్నాను.

"ఎవరికి?"

"పైన ఉండేవాళ్ళకి."

"వాళ్ళు ముస్లిములు గదే!"

మా ఆయన చెమట తుడుచుకున్నారు. "అమ్మా, ఇక్కడిదాకానేగా. నేనూ డ్రైవరూ ఎత్తుకుంటాం. ఒక్క నిమిషం."

"వద్దన్నాను గదా. ఒకసారి బస్తాలాగా మోశారు, చాలు." ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "తిప్పు. లోపలికి తీసుకుపో."

ఆయన తిప్పలేదు. నన్ను చూశారు. అప్పుడు ఆవిడే వెనక్కి తిరిగి సందు చివరకి చూసింది.

"అది అయ్యగారి సీటు గదూ?"

గోడకి ఆనించిన రెండు సీట్లలో ఎడమది. పెట్టె వెళ్ళేటప్పుడు ముందు ఎప్పుడూ అయ్యగారే కూర్చునేవారు. మామూలు రోజుల్లో ఎరువు బస్తానో, చల్లపల్లి వెళ్ళే పెద్దమనిషో. అత్తగారు ఆ బండిలో ఎన్నిసార్లు ఎక్కినా వెనక బల్ల మీదే కూర్చుంది.

"దాన్ని తీసుకురా," అంది. "మోస్తే దాంట్లో మొయ్యండి. బండిలో పోయినట్టుంటది."

సన్నటి సీటది, చేతులు లేవు. పైన నా పాత దుప్పటి పరిచాను. ఆవిణ్ణి అందులోకి మార్చాం. మా ఆయన వెనక నుంచి వీపు చట్రం పట్టుకున్నారు, డ్రైవరు ముందు కింది ఊచ పట్టుకుని వెనక్కి నడిచాడు. ఒకరి వెనక ఒకరు కాబట్టి ఆ ఇరుకులోనే పట్టారు. ఆవిడ నిటారుగా కూర్చుంది, బంతిపూలు ఒళ్ళో పెట్టుకుని. మెట్ల మలుపులో సీటు ఇనుప కాలు కింది మెట్టుకి కొట్టుకుని ఖట్‌మంది.

ఆ చప్పుడుకి ఆవిడ పాట ఎత్తుకుంది. అలవాటు.

"అత్తయ్యగారూ, ఇంకా బతికే ఉన్నారు మీరు," అన్నాను వెనక నుంచి.

"తెలుసులేవే. పాడనీ."

జెరాక్స్ షాపు ముందు నిలబడ్డవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. ఒకాయన హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఏమనుకున్నాడో. ఆవిణ్ణి కారులోకి ఎక్కించి, మడిచిన వీల్‌చెయిర్‌ని డిక్కీలో పెట్టాం. పాట ఇంకా సాగుతోంది. మా ఆయన ముందు కూర్చున్నారు. ఆయన కళ్ళు కారు అద్దంలోంచి మెట్ల మీదే ఉన్నాయి. మేస్త్రికి ఫోను చెయ్యమని నేను అనబోయి, తిరిగొచ్చాక అనొచ్చని ఆగాను. ఇక మెట్ల మీద ఎన్ని వాయిదాలు నడుస్తాయో.

సీటు గేటు పక్కన పేవ్‌మెంటు మీద ఉంది. పాత సామాన్ల తోపుడు బండతను ఆగి, దాన్ని కాలితో కదిపి చూశాడు.

"ఇచ్చేస్తారా అమ్మా?"

"ముట్టుకోకు దాన్ని," అన్నాను. సీటెత్తి జెరాక్స్ షాపులో లోపలి గోడకి ఆనించి, ఎవరికీ ఇవ్వొద్దని రెండుసార్లు చెప్పి కారెక్కాను. సాయంత్రం ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళాలి.